వీడియో అయిపోయింది, మరి అప్పజెప్పించుకునేది ఎవరు?

ఆన్‌లైన్‌లో బాగా చదవాలంటే ఏం చెయ్యాలి అని ఎవరినడిగినా వచ్చే సలహాలు దాదాపు ఒక్కటే. టైంటేబుల్ వేసుకో, ఇంట్లో ప్రశాంతంగా ఉండే మూల చూసుకో, నోటిఫికేషన్లు ఆపెయ్, నోట్స్ రాసుకో. వీటిలో దేన్నీ నేను కాదనను. కానీ ఇవన్నీ పాటిస్తూ, రోజుకు మూడేసి గంటలు శ్రద్ధగా వీడియోలు చూస్తూ కూడా, నెల తిరిగేసరికి మొదటి వారం పాఠంలో ఏముందో చెప్పలేక "నాకు చదువు ఎక్కట్లేదు, నా వల్ల కాదు" అని కుంగిపోయే పిల్లలు నాకు చాలామంది తెలుసు. పగలంతా ఉద్యోగం చేసి రాత్రిళ్లు కోర్సులు చేసే పెద్దవాళ్లూ తెలుసు. వాళ్లది బద్ధకం కాదు, తెలివితక్కువతనం అంతకన్నా కాదు. వాళ్లు పాఠం చూస్తున్నారు, అంతే. చదవడం ఇంకా మొదలుకాలేదు.

మన బళ్లలో ఎన్ని లోపాలున్నా ఒక్క పని మాత్రం తప్పకుండా జరిగేది. పాఠం అప్పజెప్పించుకునేవాళ్లు. పదమూడో ఎక్కం అప్పజెప్పందే ఆటకు వదిలేవాళ్లు కాదు. కాస్త పెద్ద తరగతికి వచ్చాక సార్ పాఠం చెప్తూ చెప్తూ ఆగి, సుద్దముక్క ఎవరివైపో చూపించి, "నువ్వు లే, ఇప్పుడు నేనేం చెప్పాను?" అనేవారు. లేచినవాడి సంగతి సరే, తర్వాత తమ వంతేమోనని కూర్చున్నవాళ్లందరూ ఆ క్షణంలో లోలోపల జవాబు వెతుక్కునేవాళ్లు. సాయంత్రం ట్యూషన్‌లో మళ్లీ ఒకసారి, రాత్రి అమ్మ పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే ఇంకోసారి. అమ్మకి ఆ సబ్జెక్టు తెలియక్కర్లేదు. పిల్లవాడు ఎక్కడ తడబడ్డాడో కనిపెడితే చాలు.

ఇప్పుడు చెప్పేవాళ్లకు కరువు లేదు. ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి 2003లో ఎన్‌పీటెల్ అనే ఆన్‌లైన్ పాఠాల కార్యక్రమం మొదలుపెట్టాయి, దాని పుణ్యమా అని ఎక్కడో నరసరావుపేటలోనో సూర్యాపేటలోనో కూర్చున్న విద్యార్థి మద్రాసు ఐఐటీ ప్రొఫెసర్ పాఠాన్ని పైసా ఖర్చు లేకుండా వినగలుగుతున్నాడు. 2017లో కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక స్వయం వచ్చింది. తెలంగాణలో పాఠాలు చెప్పే ప్రభుత్వ టీ-శాట్ ఛానళ్లు ఉన్నాయి. యూట్యూబ్‌లో గ్రూప్స్ నుంచి పైథాన్ దాకా తెలుగులోనే విడమరిచి చెప్పేవాళ్లు బోలెడుమంది. ఇంత మంచి గురువులు ఇంత చవగ్గా మన ముందు తరాలకి ఎప్పుడూ దొరకలేదు, దీన్ని నేను మనస్ఫూర్తిగా గొప్ప విషయం అంటాను. అయితే వీడియో ఎవర్నీ లేపి నిలబెట్టదు. మనం ఎక్కడో ఆలోచిస్తూ కూర్చున్నా అది చివరిదాకా నడుస్తుంది, పక్కన పచ్చ టిక్కు పెడుతుంది, తర్వాతి పాఠంలోకి తీసుకెళ్లిపోతుంది. అప్పజెప్పించుకునే మనిషి ఆన్‌లైన్ చదువులో లేడు. ఆ మనిషిని మనమే ఏర్పాటు చేసుకోవాలి. టైంటేబుల్ కన్నా, గది కన్నా, యాప్ కన్నా ముందు చెయ్యాల్సిన పని ఇదేనని నా వాదన.

అప్పజెప్పడం అంటే చాలామంది బట్టీ పట్టడం అనుకుని ముఖం చిట్లిస్తారు. రెండూ ఒకటి కాదు. అర్థం తెలియకుండా మాటలు కంఠతా పట్టడం బట్టీ. పుస్తకం మూసేసి, విన్నదాన్ని బుర్రలోంచి బయటికి లాగి, సొంత మాటల్లో పెట్టి చూసుకోవడం వేరే పని, చాలా కష్టమైన పని కూడా. కష్టం కాబట్టే పనిచేస్తుంది. అమెరికాలో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీలో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో దీని మీద ఒక అధ్యయనం ప్రచురించారు. కొందరు విద్యార్థులు ఒక పాఠ్యాంశాన్ని నాలుగుసార్లు చదివారు. ఇంకొందరు ఒక్కసారే చదివి, తర్వాత మూడుసార్లు చూడకుండా గుర్తున్నంత రాశారు. ఐదు నిమిషాలాగి పరీక్ష పెడితే నాలుగుసార్లు చదివినవాళ్లదే పైచేయి, 83 శాతం, రాసినవాళ్లకి 71. అదే పరీక్ష వారం తర్వాత పెడితే చదివినవాళ్లు 40 శాతానికి పడిపోయారు, చూడకుండా రాసినవాళ్లు 61 దగ్గర నిలబడ్డారు. ఇందులో నన్ను ఆలోచింపజేసింది ఇంకో సంగతి. ఎక్కువ గుర్తుంటుందని ఎక్కువ నమ్మకంగా ఉన్నది, పదేపదే చదివినవాళ్లే. అంటే తేలిగ్గా అనిపించే పద్ధతి మనకి ధైర్యాన్నిస్తుంది, చదువునివ్వదు.

వీడియో విషయంలో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ, ఎందుకంటే మంచి లెక్చరర్ చెప్తుంటే అంతా అరటిపండు ఒలిచినట్టే ఉంటుంది. మా అన్నయ్య కూతురు తెనాలిలో ఇంజనీరింగ్ చదువుతోంది, డేటాబేస్ కోర్సు ఆన్‌లైన్‌లో చేస్తోంది. నేను వెళ్లినరోజు జాయిన్‌ల మీద, అంటే రెండు టేబుళ్లని కలిపి చూడటం మీద, పాఠం అప్పుడే పూర్తిచేసి "అర్థమైపోయింది బాబాయ్, ఈజీనే" అంది. ల్యాప్‌టాప్ మూసి ఒక తెల్లకాగితం తెచ్చుకోమన్నాను. రెండు టేబుళ్లు గీయించాను. ఒకదాంట్లో ఐదుగురు విద్యార్థుల పేర్లు, రెండోదాంట్లో ఫీజు కట్టిన వివరాలు, ఇద్దరు మార్చిలో కట్టారు, ఒకళ్లు ఫిబ్రవరిలో, ఇద్దరు అసలు కట్టలేదు. లెఫ్ట్ జాయిన్ చేస్తే, అంటే మొదటి టేబుల్‌లోవన్నీ ఉంచి రెండోదాన్ని పక్కన కలిపితే, ఏమొస్తుందో రాయమంటే మూడు వరసలు రాసి పెన్ను పెట్టేసింది. "మిగతా ఇద్దరూ?" అన్నాను. కాసేపు చూసి, "అయ్యో, వాళ్లూ వస్తారు కదా, ఫీజు దగ్గర నల్, అంటే ఖాళీ, ఉంటుంది" అని తనే దిద్దుకుంది.

అక్కడితో ఆపలేదు. ఐదుగురి పేర్లూ ఉండాలి, కానీ పక్కన మార్చి నెల ఫీజు మాత్రమే కనబడాలి, ఎలా రాస్తావు అన్నాను. కింద వేర్ (కలిపాక వచ్చిన వరసల్ని వడకట్టే షరతు) పెట్టి నెల మార్చికి సమానం అని రాసింది. ఏమొస్తుందో ఇప్పుడు ఒక్కో వరసా చేత్తో నడిపించి చూడమన్నాను. మొదటి ఇద్దరూ వచ్చారు. ఫిబ్రవరి పిల్ల పోయింది. నల్ ఉన్న వరస దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. నల్ మార్చికి సమానమా? కాదు. అయితే ఆ వరస కూడా కొట్టేయాలి. ఐదుగురు ఉండాల్సిన చోట ఇద్దరే మిగిలారు. ఆ కాగితం వైపు చాలాసేపు చూసింది, నేనేమీ మాట్లాడలేదు. చివరికి "ఈ షరతు వేర్‌లో కాదు, ఆన్‌లో పెట్టాలి, జాయిన్ అయ్యేటప్పుడే చూడాలి, అయ్యాక కాదు" అంది. తర్వాత వీడియో మళ్లీ పెట్టి చూస్తే ప్రొఫెసర్ గారు సరిగ్గా ఈ మాటే ఒక వాక్యంలో చెప్పి ఉన్నారు. మొదటిసారి అది చెవిన పడింది, అంతే. అప్పటికి తన మనసులో ప్రశ్న లేదు కాబట్టి నిలవలేదు. ప్రశ్న పుట్టాక అదే వాక్యం వింటే ఆ అమ్మాయి ముఖం వెలిగిపోయింది. "అర్థమైంది" అని మనకి వీడియో చివర కలిగే భావన నిజానికి చెప్పినాయనకి ఎంత బాగా అర్థమైందో చెప్తుంది, మన సంగతి చెప్పదు. మన సంగతి తెలియాలంటే కాగితం మీద తేలాలి.

కాబట్టి నేను ఎవరికైనా చెప్పే పద్ధతి చాలా సాదాసీదాది. అరగంట వీడియోని అరగంటగా చూడొద్దు. ఆరేడు నిమిషాలు చూసి ఆపండి. ఫోన్ బోర్లా పెట్టండి. ఇప్పటిదాకా ఏం చెప్పారో పైకి, నోటితో చెప్పండి, లేదా రాయండి. లెక్కైతే అదే లెక్క చూడకుండా చెయ్యండి, కోడ్ అయితే ఖాళీ ఫైలు తెరిచి మొదటి నుంచి టైప్ చెయ్యండి, పక్కన వీడియో పెట్టుకుని చూసి కొట్టడం లెక్కలోకి రాదు. ఆగిపోయిన చోటుకి మాత్రమే వెనక్కి వెళ్లి చూడండి, మళ్లీ ముందుకు సాగండి.

ఈ ఆరేడు నిమిషాలన్నది గాల్లోంచి తీసిన లెక్క కాదు. ఎడ్‌ఎక్స్ అనే ఆన్‌లైన్ వేదిక కోర్సుల్లో 69 లక్షల వీడియో వీక్షణలని పరిశీలించి 2014లో ఒక పరిశోధన వచ్చింది. వీడియో ఎంత పొడుగున్నా సగటు విద్యార్థి నిలకడగా చూసేది ఆరు నిమిషాలకు మించి లేదని అందులో తేలింది. దానికి ముందు సంవత్సరం హార్వర్డ్ పరిశోధకులు 21 నిమిషాల స్టాటిస్టిక్స్ వీడియో పాఠాన్ని నాలుగు ముక్కలు చేసి, కొందరికి ప్రతి ముక్క తర్వాత చిన్న పరీక్ష పెట్టారు, మిగతావాళ్లకి పెట్టలేదు. పరీక్ష ఉన్నవాళ్ల మనసు పక్కదారి పట్టడం సగానికి తగ్గింది, వాళ్లు నోట్సు ఎక్కువ రాసుకున్నారు, చివరి పరీక్షలో మార్కులూ ఎక్కువే వచ్చాయి, పైగా టెన్షన్ కూడా తక్కువగా ఉందన్నారు. ఏకాగ్రత లేదని పిల్లల్ని తిట్టే పెద్దలు ఈ సంగతి గమనించాలి. ఏకాగ్రత అనేది కొందరికి ఉండి కొందరికి లేని గుణం కాదు. ఇంకాసేపట్లో ఎవరో అడుగుతారని తెలిస్తే దానంతటదే వస్తుంది.

ఇలా చేస్తే అరగంట పాఠానికి గంట పడుతుంది, ఒక్కోసారి గంటన్నర. ఆ సంగతి ముందే ఒప్పుకుని కూర్చోవాలి. "సిలబస్ అవ్వదు" అని గ్రూప్స్‌కి ప్రిపేర్ అయ్యేవాళ్లు నాతో గట్టిగా వాదిస్తారు. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది, నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందో తెలియదు, వయసు దాటిపోతోంది, ఇంట్లో అందరూ చూస్తున్నారు. కానీ పాలిటీ వీడియోలు మొత్తం రెండుసార్లు చూసేసి, మనీ బిల్లుకీ ఆర్థిక బిల్లుకీ తేడా ఏమిటంటే చెప్పలేకపోతే ఆ సిలబస్ అయినట్టా? సగం పాఠాలే అయినా అవి గట్టిగా పట్టుబడినవాడు మిగతా సగాన్ని తొందరగా అందుకుంటాడు, ఎందుకంటే కొత్త విషయం తగిలించుకోవడానికి పాతది లోపల ఉంటుంది.

స్పీడ్ గురించి కూడా అడుగుతుంటారు. రెండింతల వేగంతో వీడియో చూడటం పాపమేమీ కాదు. 2021లో అమెరికాలోని యూసీఎల్‌ఏ యూనివర్సిటీ పరిశోధకులు చేసిన ప్రయోగాల్లో రెండింతల వేగం దాకా పెద్ద నష్టం కనబడలేదు. అయితే వాళ్లు పరీక్షించింది ఇంగ్లీషులో చదువుకున్న విద్యార్థుల్ని. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి, ఇంగ్లీషు లెక్చర్‌ని వింటూనే మనసులో తెలుగులోకి తిప్పుకునే పిల్లలకి ఆ లెక్క వర్తిస్తుందని నేను అనుకోను. వాళ్లకి మామూలు వేగం కూడా ఒక్కోసారి ఎక్కువే, ముక్కాలు వేగం పెట్టుకుంటే నామోషీ ఏమీ లేదు.

ఈ తెలుగు మీడియం సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఆన్‌లైన్ చదువులో మన పిల్లలు ఎక్కువగా జారిపోయేది ఇక్కడే, ఎక్కువగా సిగ్గుపడేదీ ఇక్కడే. ఇంగ్లీషు పాఠం విని ఇంగ్లీషులోనే నోట్సు రాస్తారు, అంటే స్లైడ్ మీద ఉన్నది యథాతథంగా ఎక్కిస్తారు. దాన్ని ఎన్నిసార్లు చదివినా అది ఆ ప్రొఫెసర్ వాక్యమే. నా సలహా, వినడం ఇంగ్లీషులో వినండి, అప్పజెప్పడం మాత్రం ముందు తెలుగులో అప్పజెప్పండి. స్టాక్, క్యూ, వోల్టేజ్, ఎంట్రోపీ లాంటి మాటలు అలాగే ఉంచేసి మిగతా వాక్యమంతా ఇంట్లో మాట్లాడుకున్నట్టు చెప్పండి. "స్టాక్‌లో చివర పెట్టింది ముందు బయటికొస్తుంది, అందుకే ఫంక్షన్‌లోంచి ఇంకో ఫంక్షన్‌ని పిలిచినప్పుడు లోపలిది అయిపోయాక బయటిదాని దగ్గరికి సరిగ్గా తిరిగి రాగలం" అని ఒక కుర్రాడు చెప్పగలిగాడంటే వాడికి విషయం వచ్చినట్టే. తర్వాత దాన్ని ఇంగ్లీషులో పెట్టడం భాష పని, అది వేరుగా నేర్చుకోవచ్చు. రెండు బరువులూ ఒకేసారి ఎత్తబోయి రెండూ కింద పడేసుకుంటున్నారు. ఎన్‌పీటెల్ పాఠాల్లో చాలావాటికి రాతప్రతులు దొరుకుతాయి, కొన్నిటికి తెలుగులో కూడా ఉన్నాయి. వీడియోకి ముందు రెండు పేజీలు చదువుకుని కూర్చుంటే మాటలు పరాయిగా అనిపించవు. ఇది చేసేవాళ్లు మరీ తక్కువ.

ఇక అసైన్‌మెంట్లు. ఇక్కడ నాకు నిజంగా బాధ కలుగుతుంది. ఎన్‌పీటెల్ కోర్సుల్లో మామూలుగా వారం వారం ఇచ్చే అసైన్‌మెంట్లకి 25 మార్కులు, కేంద్రానికి వెళ్లి రాసే పరీక్షకి 75. సర్టిఫికెట్ రావాలంటే అసైన్‌మెంట్లలో కనీసం 10, పరీక్షలో కనీసం 30 తెచ్చుకోవాలి. అప్పజెప్పించుకునే మనిషి లేని చదువులో ఆ వారపు అసైన్‌మెంటే అన్నిటికన్నా దానికి దగ్గరగా వచ్చేది. సరిగ్గా దాన్నే మన పిల్లలు టెలిగ్రామ్ గ్రూపుల్లో వచ్చే జవాబులతో నింపేస్తున్నారు. గడువు రోజు సాయంత్రం జవాబుల ఫొటో రావడం, అందరూ టిక్కులు పెట్టడం, అయిపోవడం. నాకు తెలిసిన ఒక కాలేజీలో ఆ జవాబుల్ని క్లాస్ గ్రూపులో పెట్టమని పైనుంచే చెప్పారట, రిజల్ట్స్ శాతం బాగుండాలని. 25కి 24 వస్తాయి, తర్వాత పరీక్ష హాల్లో కంప్యూటర్ ముందు కూర్చుంటే చెయ్యి ఆడదు. యూజీసీ 2021 నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్‌లో 40 శాతం దాకా క్రెడిట్లు స్వయం కోర్సుల ద్వారా తెచ్చుకునే వీలుంది, ఎన్‌పీటెల్ కోర్సులు నడిచేదీ అందులోనే. అంత చదువు దీని మీద ఆధారపడినప్పుడు ఆ వారపు అసైన్‌మెంట్‌లోని పది ప్రశ్నలూ సొంతంగా చెయ్యడం కన్నా విలువైన స్టడీ స్కిల్ ఏముంది? పదిలో నాలుగు తప్పు పోనివ్వండి. తప్పు పోయిన ఆ నాలుగే ఆ వారం మీరు చదవాల్సిన పాఠం.

నోట్సు గురించి ఎక్కువ చెప్పను. పేజీకి ఎడమవైపు రెండు వేళ్ల మందం మార్జిన్ వదిలి అక్కడ ప్రశ్నలు మాత్రమే రాయండి, కుడివైపు జవాబులు. మర్నాడు కుడివైపు అరచేత్తో మూసి ప్రశ్నలకి జవాబులు చెప్పుకోండి, ఆదివారం ఒకసారి, నెలాఖరుకి ఒకసారి. ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ ఆయన అర్థంలేని అక్షరాలని తనే కంఠస్థం చేసుకుంటూ, తనే మర్చిపోతూ, మరుపు ఎంత తొందరగా వస్తుందో 1885లోనే లెక్కకట్టి చూపించాడు. ఎక్కువ మరుపు మొదటి రోజుల్లోనే. కాబట్టి మర్నాడు ఇచ్చే పది నిమిషాలు పరీక్ష ముందు రాత్రి గంటల కన్నా ఎక్కువ పనిచేస్తాయి. రంగురంగుల హైలైటర్లతో నోట్సు అందంగా చెయ్యడం మీద గంటలు పోసేవాళ్లని చూస్తే నాకు మనసు కలుక్కుమంటుంది, ఆ శ్రమ ఎంత నిజమో ఫలితం అంత తక్కువ.

టైంటేబుల్ సంగతికి వస్తే, మనవాళ్ల ఇబ్బంది ఇంకెక్కడో ఉంది. మన దగ్గర చాలామంది పిల్లలు ఇంటర్ రెండేళ్లూ వేరేవాళ్లు వేసిన టైంటేబుల్‌లో బతుకుతారు. తెల్లవారుజామున లేపేది ఎవరో, స్టడీ అవర్‌లో వెనక తిరిగేది ఎవరో, ఏ చాప్టర్ చదవాలో చెప్పేది ఎవరో. పదిహేడేళ్లకి వాళ్లకి గంటలకొద్దీ కూర్చునే ఓపిక వస్తుంది కానీ, ఇవాళ ఏం చదవాలి అని తనను తాను అడుక్కునే అలవాటు మాత్రం రాదు. వాళ్లని ఒక్కసారిగా ఆన్‌లైన్ కోర్సు ముందు కూర్చోబెట్టి "స్వేచ్ఛగా చదువుకో" అంటే ఎలా చదువుతారు? అందుకే గంటలతో టైంటేబుల్ వెయ్యొద్దంటాను. "7 నుంచి 9 దాకా డేటాబేస్" అని రాస్తే రెండు గంటలు కూర్చోవడంతో పని అయినట్టే. "ఇవాళ పడుకునేలోపు నార్మలైజేషన్ మూడు మెట్లూ సొంత ఉదాహరణతో చెప్పగలగాలి" అని రాసుకుంటే అయిందో లేదో తనకే తెలుస్తుంది, నలభై నిమిషాల్లో అయిపోతే హాయిగా లేచి ఆడుకోవచ్చు.

ఫోన్‌లో చదివేవాళ్లకి ఒక్క మాట. మన ఊళ్లలో చాలామందికి క్లాస్‌రూమ్ ఆ ఆరంగుళాల తెరే, వాట్సాప్, రీల్స్, ఇంటికి వచ్చే ఫోన్లు అన్నీ అందులోనే. పాఠం ముందే డౌన్‌లోడ్ చేసుకుని ఫ్లైట్ మోడ్‌లో పెట్టి చూడండి. సిగ్నల్ బాధ పోతుంది, మిగతావీ పోతాయి.

మరి వినేవాళ్లు ఎవరు? అదే కోర్సు చేస్తున్న ఇంకో స్నేహితుడైతే అన్నిటికన్నా మేలు. ఆదివారం ఒక గంట ఫోన్లో, ఒకళ్లు అడగడం, ఒకళ్లు చెప్పడం, మళ్లీ మార్చుకోవడం. అలా దొరక్కపోతే ఇంట్లో తమ్ముడికి చెప్పండి, అమ్మకి చెప్పండి, వాళ్లు "అంటే ఏంటి?" అని అడిగిన ప్రతిసారీ మీకొక పగులు కనబడుతుంది. ఎవరూ లేకపోతే ఫోన్ రికార్డర్ పెట్టి చెప్పి, మర్నాడు వినండి. డౌట్ అడిగేటప్పుడు కూడా "అర్థం కాలేదు సార్" అని రాయకండి. "పన్నెండో నిమిషందాకా నాకు వచ్చింది, అక్కడ ఈ స్టెప్ నుంచి ఈ స్టెప్‌కి ఎలా వెళ్లారో తెలియట్లేదు, నేను ఇలా చేస్తే ఇలా వచ్చింది" అని రాయండి. అలా రాస్తుండగానే సగం డౌట్లు తీరిపోతాయి, మిగతా సగానికి ఎవరో ఒకరు తప్పక జవాబిస్తారు.

కాలేజీలకి కూడా నాదొక విన్నపం ఉంది. ఎన్‌పీటెల్ లోకల్ చాప్టర్, అంటే దాని స్థానిక విభాగం, ఉన్న ప్రతి కాలేజీలో కోర్సుకి ఒక మెంటార్ లెక్చరర్ ఉంటారు. ఆయన చేత ఎంతమంది రిజిస్టర్ అయ్యారు, ఎంతమంది ఫీజు కట్టారు అని ఎక్సెల్ షీట్లు నింపించడం ఆపి, వారానికి ఒక్క పీరియడ్ ఇవ్వండి. వీడియో మళ్లీ వెయ్యక్కర్లేదు, పాఠం మళ్లీ చెప్పక్కర్లేదు. ఆ వారం పాఠంలోంచి ఒక ప్రశ్న బోర్డు మీద రాసి, సుద్దముక్క ఒక విద్యార్థి చేతికిచ్చి, ఆయన వెనక బెంచీలో కూర్చుంటే చాలు.